వేలు జారింది

జూన్ 11

వేలు జారింది. అంతే.

అదే రోజు, సాయంత్రం

మధ్యాహ్నం ఒక్క ముక్క రాసి మూసేశాను. ఇప్పుడు తెరిచి చూస్తే ఏదో దాచినట్టుంది. దాచడానికి ఏముంది? ఈ రిజిస్టరు నేను తప్ప ఎవరూ ముట్టరు. ముందు పేజీల్లో పోయినేడాది ఆరో తరగతి పిల్లల లెక్కల మార్కులున్నాయి. వెనక పేజీల్లో నేనున్నాను.

జరిగింది ఇది. పన్నెండున్నరకి ఫోన్లో ఆట ఆడుతున్నాను. నలుగురం ఒక జట్టు. ఆట ఆఖరికి వచ్చింది, ఎదుటివాళ్లలో ఒక్కడే మిగిలాడు. మా జట్టు నాయకుడు సయ్యాద్ నా ముందు గోడ పక్కన వంగి ఉన్నాడు. సయ్యాద్ అన్నది ఆటలో పెట్టుకున్న పేరు. నా గురి అతని వీపు మీద ఉంది. వేలు జారింది. ఈ ఆటలో సొంతవాళ్లకీ తూటా తగులుతుంది. పడిపోయాడు. మిగిలిన ఆ ఒక్కడూ వచ్చి మమ్మల్ని ముగ్గుర్నీ లేపేశాడు. గెలిచే ఆట పోయింది.

"సొంతవాణ్ణే కాలుస్తావట్రా, కుక్క నాయాలా!" అని మొదలుపెట్టాడు సయ్యాద్. మా ఇంటిల్లిపాదినీ తిట్టాడు. నేను తిరిగి ఒక్క మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయను.

ఇయర్‌ఫోన్ పీకి పడేశాను. సరిగ్గా అప్పుడే అమ్మ వంటగదిలోంచి కేక పెట్టింది. "సుందుస్! చెవుడా ఏంటే నీకు? అన్నం మాడుతోంది!" "వస్తున్నానమ్మా" అంటూ పరిగెత్తాను. అడుగు మాత్రమే మాడింది. తమ్ముడు గజ్వాన్‌కి అడుగంటిన అన్నమంటే ప్రాణం. వాడు ఇంట్లో లేని రోజే మాడుతుంది ఎప్పుడూ.

జూన్ 12

అకౌంటు గజ్వాన్‌ది. ఇది ముందే రాయాల్సింది.

తమ్ముడు చమురు బావుల దగ్గర పద్నాలుగు రోజులు పని చేస్తాడు, పద్నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. పోయిన చలికాలంలో పాత ఫోను నా చేతికిచ్చి, "అక్కా, రోజూ ఒకసారి తెరిచి బహుమతులు తీసుకుంటూ ఉండు. ఆడకు. మాట్లాడకు," అన్నాడు. అక్కడి నుంచి వాడు కూడా వేరే ఫోన్లో అదే అకౌంటుతో ఆడుతుంటాడు. నేను బహుమతులు తీసుకున్నాను. తర్వాత ఆడాను. తర్వాత మాట్లాడాను, కాకపోతే నా గొంతుతో కాదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే గొంతు మార్చే యాప్ ఒకటుంది. అందులో నేను బొంగురు గొంతున్న మగాణ్ణి. పేరు గజ్వాన్, ముందు తెగ పేరు, ఆల్ ముర్జాన్. మా అమారా ఊళ్లో మగాళ్లు ఆటలోకి కూడా తెగని వెంటేసుకునే వెళతారు.

ఇరవై తొమ్మిదేళ్ల పంతులమ్మని. బళ్లో మెల్లగా మాట్లాడాలి, వీధిలో అసలు మాట్లాడకూడదు, చుట్టాలొస్తే చాయ్ గ్లాసులు పెట్టి లోపలికి వచ్చేయాలి. ఆ బొంగురు గొంతులో ఎంత హాయిగా ఉండేదో ఎవరికి చెప్పను?

సయ్యాద్ రెండు నెలల్లో నన్ను సరదాకి ముప్పై ఏడు సార్లు కాల్చాడు. లెక్కపెట్టాను. నా మందుల పెట్టె లాక్కుని, నేను తూటా తగిలి నేల మీద పాకుతుంటే బతికించి లేపకుండా చుట్టూ గంతులేసేవాడు. "లెమ్మని మీ అమ్మని పిలు," అనేవాడు. మిగతా ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్లు. మరి నా వేలు ఒక్కసారి జారితే ఇంత గోలా?

అతను ఆటని నేరుగా ప్రసారం చేస్తాడట. నాకు తెలియదు. తెలుసు, కానీ నిన్న గుర్తులేదు.

జూన్ 13

ఆ మాట ఊరంతా తిరుగుతోంది. మొత్తం ప్రసారం ఆ రోజు ఒక్క పూట ఉంచి తీసేశాడట. తొమ్మిది సెకన్ల ముక్క మాత్రం వదిలాడు. ఆ ముక్క విన్నాను. సరిగ్గా ఆ మాట దగ్గర ఆగిపోతుంది. కింద వందల కొద్దీ రాశారు. సయ్యాద్ అసలు పేరు అకీల్. నది అవతల బేత్ సెల్హూబ్ తెగవాడు. ఏప్రిల్ నెలాఖర్లో తల్లి పోయింది. నేను ఆ మాట అన్ననాటికి నలభయ్యో రోజు సంతాపం తీరి రెండు రోజులే.

నాకు తెలియదు.

జూన్ 15

గజ్వాన్ వచ్చాడు. సంచీ గుమ్మంలోనే పడేసి, అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టి, నీళ్లు తాగి పడుకున్నాడు. ఎప్పుడూ వస్తూనే "అక్కా, ర్యాంకు ఎంతకొచ్చింది?" అని అడుగుతాడు. అడగలేదు.

మధ్యాహ్నం ఊరంతా కునుకు తీసే వేళ ఒక తెల్ల పికప్ వచ్చి మా గేటు ముందు ఆగింది. ఇంజను ఆపలేదు. ఎవరూ దిగలేదు. కిటికీ తెర సందులోంచి చూశాను. ఐదు నిమిషాలుండి వెళ్లిపోయింది.

జూన్ 16

వాడినే అడిగాను. అడక్కపోతే బాగోదు కదా, ఇంట్లో పెద్దదాన్ని.

చాయ్ తాగుతున్నాడు. ఎదురుగా కూర్చుని, "ఒరేయ్, ఆ మాట నువ్వే అన్నావా?" అన్నాను. నా గొంతు వణకలేదు. అందుకు నాకే ఆశ్చర్యం.

గ్లాసులోకి చూస్తూ చక్కెర చాలాసేపు కలిపాడు. తర్వాత నా వైపు చూశాడు.

"అనే ఉంటానక్కా. అక్కడ ఎండకి బుర్ర పనిచేయదు. రోజుకి పదిమందిని తిడతాను. ఎవర్ని ఏమన్నానో గుర్తుంటుందా?"

"గుర్తులేదా?"

"నేనే అయ్యుంటాను. వదిలేయ్."

గుండెల మీంచి బండ దించినట్టయింది. నిజంగానే వాడు కూడా ఏదో అని ఉండొచ్చు. వాడి నోరు మంచిది కాదు, చిన్నప్పట్నుంచీ అంతే.

జూన్ 17

పొద్దున తలుపు తీసేసరికి గోడ మీద ఎర్ర రంగుతో, మూరెడేసి అక్షరాలు. "ఈ ఇంటివాడు బేత్ సెల్హూబ్‌కి కావాలి." ఈ ఇంటి మీద పగ బాకీ ఉందని దానర్థం. రంగు ఇంకా కారుతోంది.

అమ్మ చీపురూ బకెట్టూ పట్టుకుని పరిగెత్తింది. పెదనాన్న అబూ రాఫిద్ సరిగ్గా అప్పుడే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నాన్న పోయినప్పటి నుంచి మా ఇంటికి పెద్ద దిక్కు ఆయనే.

"చెరపకమ్మా. చెరిపితే అది ఇంకో నేరం. రాసినవాళ్లే వచ్చి చెరపాలి."

"నా కొడుకు కావాలని గోడ మీద రాస్తే చూస్తూ కూర్చోమంటారా? వాడేం చేశాడు?"

"ఏం చేశాడో వాణ్ణే అడుగు. చచ్చిపోయిన తల్లిని అంత మాట అంటాడా మనిషన్నవాడు? నా జీవితంలో తెగ తరఫున ఎన్నో గుమ్మాలెక్కాను, ఆటలో తిట్టుకున్నారని ఎక్కడం ఇదే మొదలు. సిగ్గుతో చస్తున్నాను."

గజ్వాన్ గుమ్మంలో నిలబడి తల దించుకున్నాడు. నేను వాడి వెనకే ఉన్నాను, చేతిలో రొట్టెల పళ్లెంతో. రొట్టెలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

జూన్ 18

రేపు చెబుతాను.

జూన్ 19

తెల్లవారి ఐదున్నరకి కాల్చారు. నాలుగు చప్పుళ్లు. ఆటలో వినే చప్పుడులా ఉండదు. చాలా పొడిగా ఉంటుంది, వెంటనే అయిపోతుంది. అమ్మ గజ్వాన్ మీద పడి కప్పేసింది. వాడు ఆమె కన్నా రెండింతలున్నాడు.

మనుషుల మీదికి కాల్చలేదు. మేడ మీద నీళ్ల ట్యాంకుకి రెండు చిల్లులు. రోజంతా గోడ వెంబడి నీళ్లు కారాయి, ఎర్ర అక్షరాల మీదుగా. బిందెలూ గిన్నెలూ పట్టాం. యాభై డిగ్రీల ఎండలో సాయంత్రానికల్లా ట్యాంకు ఖాళీ. పక్కింటివాళ్లు ఎప్పుడూ అడగకుండానే నీళ్లిచ్చేవాళ్లు. ఇవాళ వాళ్ల తలుపు తెరుచుకోలేదు.

"ఇది హెచ్చరిక మాత్రమే," అన్నాడు పెదనాన్న. "రెండోసారి ట్యాంకుని కాల్చరు."

జూన్ 20

ఒకటి రాయాలి. రాసి చూసుకుంటే చిన్నదైపోతుందేమో.

మే నెలలో సయ్యాద్ మూడు వారాలు ఆటకి రాలేదు. తిరిగొచ్చిన రోజు, "మా అమ్మ పోయిందిరా," అన్నాడు. ఎప్పుడూ వినని గొంతు. జట్టులో ఒక్కొక్కరూ ఒక మాట చెప్పారు. నేనూ చెప్పాను. "దేవుడు ఆమెను కరుణించు గాక," అన్నాను, బొంగురు గొంతుతో. "నువ్వు చల్లగా ఉండు గజ్వాన్," అన్నాడు. పది నిమిషాల తర్వాత నన్ను కాల్చి నవ్వాడు.

చిన్నదవలేదు.

జూన్ 21

పెదనాన్న నది దాటి వెళ్లాడు, ఊరి పెద్దల్ని ఐదుగుర్ని వెంటబెట్టుకుని. వాళ్ల అతిథుల కొట్టంలో కాఫీ పోశారట. ఈయన కప్పు ముట్టకుండా ముందు పెట్టుకుని కూర్చున్నాడట. అడిగినది ఇస్తామనేవరకు తాగకూడదు. గంటన్నర కూర్చున్నాడట. కాఫీ చల్లారిపోయాక వాళ్ల పెద్ద, "తాగు అబూ రాఫిద్. మూడు రోజులు ఇస్తున్నాం," అన్నాడట.

మూడు రోజుల దాకా ఎవరూ కాల్చరు. మూడో రోజు పంచాయితీ.

"డబ్బు తీసుకుని సరిపెట్టుకోమన్నాను. తల్లి మాటకి డబ్బేంటి అన్నారు," అన్నాడు పెదనాన్న. "ఆ అకీల్ దగ్గర మొత్తం రికార్డు ఉందట. కొట్టంలో స్పీకరు పెట్టి అందరికీ వినిపిస్తాడట, వీడు కాదనకుండా."

మొత్తం రికార్డు.

జూన్ 22

ఇయర్‌ఫోన్ పీకేశాను. పీకితే గొంతు మార్చే యాప్ ఆగిపోతుంది, ఫోను మైకు తెరుచుకుంటుంది. ఆట అప్పటికి కట్టేశానా? కట్టేసే ఉంటాను. ఎప్పుడూ కట్టేస్తాను.

అన్నం మాడుతోంది. పరిగెత్తాను. ఎప్పుడు కట్టేశాను?

జూన్ 23

పొద్దుట్నుంచి చేత్తో ఏది పట్టుకున్నా జారిపోతోంది. రెండు గ్లాసులు పగిలాయి.

నూటయాభై మంది మగాళ్లు. స్పీకరు. ముందు ఆ మాట. తర్వాత మా అమ్మ గొంతు, నా పేరు. ఆ కొట్టాల్లో ఇంటి ఆడదాని పేరు పైకి అనరు. మా పెదనాన్న తమ్ముడు పుట్టినప్పట్నుంచీ మా అమ్మని "గజ్వాన్ వాళ్ల అమ్మ" అనే పిలుస్తాడు బయట. అక్కడ "సుందుస్" అని వినపడ్డాక గజ్వాన్ మీద కేసు ఉండదు. వాడికి అంతకన్నా హీనమైనది ఉంటుంది. నెలల తరబడి పరాయి మగాళ్లతో మాట్లాడిన అక్క ఉంటుంది. తర్వాత నన్నేం చేయాలో మా వాళ్లే తేల్చుకుంటారు.

ఇప్పుడే వెళ్లి చెబితే? పెదనాన్నకి చెబితే? గజ్వాన్‌కి చెబితే ఏమంటాడు?

వాడి గదిలోకి వెళ్లాను. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు, రేపటికి. "నేను చేస్తానివ్వు," అన్నాను. ఇచ్చాడు. ఇస్త్రీ చేశాను. కాలర్ రెండుసార్లు చేశాను. చెప్పకుండానే వచ్చేశాను. ఆటలో అంత నోరున్నదాన్ని.

జూన్ 24

రెండింటికి వెళ్లారు. ఐదున్నరకి వచ్చారు. ఈ మూడున్నర గంటలూ అమ్మ ఖురాన్ చదువుతూ కూర్చుంది. నేను వంటింటి నేల తుడిచాను, ఆరాక మళ్లీ తుడిచాను.

బండి చప్పుడవగానే పెదనాన్న ముఖం చూశాను. ఏమీ తెలియనివ్వని ముఖం. లోపలికొచ్చి తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని, అమ్మ వైపు తిరిగి చెప్పాడు.

"రికార్డు వినిపిస్తానని ఆ అకీల్ లేచాడమ్మా. ఫోను స్పీకరుకి తగిలించాడు. అప్పుడు నీ కొడుకు లేచాడు. 'వినిపించక్కర్లేదు. ఆ మాట నాదే. మీ అమ్మని ఇంతమందిలో మళ్లీ ఎందుకు అనిపిస్తావు?' అన్నాడు. వీడి మీద కోపంతో వెళ్లానా, ఆ ఒక్క మాటకి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి."

"మరి వాడేమన్నాడు, ఆ అకీల్?"

"వీడి వైపు చూశాడు. తీగ పీకేసి ఫోను జేబులో పెట్టుకున్నాడు."

తీర్పు: గోడ మీద రాత వాళ్లే చెరుపుతారు. గజ్వాన్ మూడేళ్లు జిల్లాలో అడుగు పెట్టకూడదు. కనిపిస్తే వాళ్ల పూచీ లేదు. చమురు బావులు ఈ జిల్లాలోనే ఉన్నాయి.

"ఉద్యోగం?" అంది అమ్మ.

పెదనాన్న తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు.

జూన్ 25

దూరాన హిల్లాలో నాన్న మేనమామ కొడుకున్నాడు, రొట్టెల బట్టీ. గజ్వాన్ అక్కడికి వెళ్లాడు. బట్టీలో పని.

బండి ఎక్కేముందు, ఇంటికొచ్చాక తీసుకున్న పాత ఫోను తిరిగి నా చేతిలో పెట్టాడు. అమ్మ లోపల ఖర్జూరాలు పొట్లం కడుతోంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "జాగ్రత్తరా," అన్నాను, పైపైన.

వాడు నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. నా చెవి దగ్గరకి వంగి, అచ్చం అమ్మలా అన్నాడు:

"సుందుస్. చెవుడా ఏంటే నీకు? అన్నం మాడుతోంది."

నేను తల ఎత్తాను.

"ఎప్పుడు విన్నావు?"

"అదే రోజు సాయంత్రం. బావుల దగ్గర. తీసేయకముందే." సంచీ భుజాన వేసుకున్నాడు. "ఇంకెవరూ అంతవరకూ వినలేదనుకున్నానక్కా. నిన్న కొట్టంలో అతని ముఖం చూస్తే మాత్రం, విన్నాడనిపించింది."

అంటే పదహారో తేదీన చాయ్ కలుపుతూ నా వైపు చూసినప్పుడు వాడికి తెలుసు. నేను ఎదురుగా కూర్చుని "నువ్వే అన్నావా" అని అడుగుతుంటే వాడికి తెలుసు. ఇస్త్రీ చేస్తానంటే చొక్కా ఇచ్చినప్పుడూ తెలుసు.

ఏడుపొస్తోంది. వాడు కొట్టినా బాగుండేది.

జూన్ 26

గోడ చెరిపారు. ఇద్దరు వచ్చి సున్నం వేసి వెళ్లారు. సున్నం కింద ఎరుపు కనిపిస్తోంది ఇంకా.

జూన్ 28

పదకొండింటికి అమ్మా నేనూ వంటింట్లో బెండకాయలు కోస్తున్నాం. పాత ఫోను అలమరాలో పెట్టి మర్చిపోయాను. మర్చిపోలేదు, చూడకూడదనుకున్నాను. అది మోగింది. సయ్యాద్ దగ్గర్నుంచి. ఒక రాత, ఒక గొంతు ముక్క.

రాత: "నీ తమ్ముడు మంచివాడు. ఇవాళ రెండింటికి ఆటకి రా. నా జట్టులోనే. రోజూ రావాలి. నీ సొంత గొంతుతో."

చేతికి బెండకాయ జిగురు. ఎక్కడ తగిలిందో, గొంతు ముక్క మోగడం మొదలైంది.

"సుందుస్! చెవుడా ఏంటే నీకు? అన్నం మాడుతోంది!"

"వస్తున్నానమ్మా."

అమ్మ కత్తి ఆపింది. "అది నా గొంతే కదే," అంది. "నా గొంతు వాళ్ల దగ్గర ఎందుకుంది?"

చెప్పాను. మొదట్నుంచి. గొంతు మార్చే యాప్, ముప్పై ఏడు సార్లు, ఆ మాట. ఆ మాట కూడా చెప్పాను, పైకి, నా గొంతుతో. అమ్మ ముఖం ముడుచుకుపోయింది, ఆ మాట తననే అన్నట్టు. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"గజ్వాన్‌కి తెలుసా?"

"తెలుసు."

"తెలిసే వెళ్లాడా?"

తల ఊపాను. అమ్మ పొయ్యి కట్టేసి, చేతులు కడుక్కుని, తడి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. అప్పుడు అంది, "మొదట కాల్చావన్నావే అతన్ని. అది పొరపాటున తగిలిందా?"

"వేలు..." అన్నాను. ఆ పైన రాలేదు.

"ఫోను ఇలా ఇవ్వు. మాట్లాడాలంటే ఎక్కడ నొక్కాలి?"

చూపించాను. అమ్మ ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది, ఎదుటి మనిషికి చెవుడున్నట్టు గట్టిగా మాట్లాడింది.

"నాయనా అకీల్. నువ్వు దాచుకున్న గొంతు నాదే. నేను గజ్వాన్ తల్లిని, సుందుస్ తల్లిని. మీ అమ్మని ఆ మాట అన్నది నా కొడుకు కాదు, నా కూతురు. అది ఆటకి రాదు. దాని నోటికి నేను జవాబు చెబుతాను. నీకేం కావాలో నా ఎదురుగా వచ్చి అడుగు. పగలు రా. తలుపు తీసే ఉంటుంది. మీ అమ్మ ఉంటే ఇదే చెప్పేది నీకు."

వేలు తీసింది. వెళ్లిపోయింది ఆ మాట. నేను ఆపలేదు. ఆపి ఉండాల్సిందేమో. ఇప్పుడు అతని చేతిలో అమ్మ ఒప్పుకోలు కూడా ఉంది. కొట్టంలో వినిపించడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అతను విన్నట్టు ఫోన్లో గుర్తు పడింది. జవాబు లేదు.

అమ్మ లేచి ముందు గదిలో చాప పరిచింది. కాఫీ కాచింది. మూడు కప్పులు కడిగి బోర్లించింది. నేను ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను.

రెండింటికి ఇంకా పది నిమిషాలు.

గేటు ముందు బండి ఆగింది. కిటికీ తెర సందులోంచి చూశాను. తెల్ల పికప్. ఇంజను ఆపారు ఈసారి. తలుపులు మూసిన చప్పుళ్లు రెండు వినిపించాయి, ఒకటి కాదు.

అమ్మ లేస్తోంది. "నువ్వు కూర్చో, నేను తీస్తాను," అన్నాను.

ఆ రోజు ఆటలో వేలు జారలేదు. గురి చూసి కాల్చాను. వెళుతున్నాను.